ఉప్పు సాబ్ అని పేరు పెట్టింది నేనే

శుక్రవారం పొద్దున సత్సంగం కోసం గ్రంథం తీసి, చదవాల్సిన పుటలో దారం పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. ఇంటర్నేషనల్ సిటీలో ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గా ఉన్న మా జగిత్యాల తమ్ముడు.

"అన్నా, మీ కోచ్ సాబ్ పోయిండే," అన్నాడు. "నీళ్ళ డబ్బా రెండు దినాల సంది తలుపు ముంగటనే ఉన్నది. అనుమానమొచ్చి ఆఫీసోళ్ళను పిలిచిన. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. టీవీ నడుస్తనే ఉన్నది, ఆవాజ్ లేదు."

ఆవాజ్ లేకపోవడం నాకు వింతగా అనిపించలేదు. ఆయన ఫుట్‌బాల్ మ్యాచ్ ఎప్పుడూ శబ్దం తీసేసే చూసేవారు. ఎందుకు సాబ్ అని ఒకసారి అడిగాను. "మాట్లాడేవాడు బంతిని చూసి మాట్లాడతాడు. నేను బంతి లేనివాణ్ణి చూస్తాను," అన్నారు.

ఈ పత్రిక చదివే మీలో కొందరు నన్ను మైకు ముందు చూసి ఉంటారు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పగలు గడ్డి పని, శుక్రవారం ప్రవచనం. ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. గ్రంథం సంచిలో పెట్టుకుని, బస్సులో, క్యాంపు మెట్ల మీద, స్ప్రింక్లర్ల పక్కన చదువుకుని నేర్చుకున్నవాణ్ణి. నా గొంతులో నిప్పు ఉందని అందరూ అంటారు, నేనూ కాదనలేదు. ఆ నిప్పుతో ఒక మనిషిని కాల్చాను. రెండు వందల మంది వింటుండగా కాల్చాను. ఆ మాటను అదే హాల్లో వెనక్కి తీసుకొమ్మని ఆయన అడిగారు. తీసుకుంటానని చెప్పి ఏళ్ళు గడిపాను. నేను ఆ పని చెయ్యకముందే ఆయన పోయారు. ఇక్కడ పొగడ్త కోసం చూడకండి. ఆయనకు బతికుండగా చెప్పాల్సింది చెప్పకుండా దాచినవాడు రాస్తున్నాడని గుర్తుపెట్టుకుని చదవండి.

రెండు వేల తొమ్మిది. పనులు ఆగిపోయి క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడిపోయిన ఏడు. జెబెల్ అలీలో మా క్యాంపు నుంచి వారానికో బస్సు నిండా మనుషులు ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవాళ్ళు. నా అదృష్టం, కంపెనీ వాళ్ళ ఆట మైదానంలో గడ్డి చూసుకునే పని దొరికింది. ఆఫీసర్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికి ఆయన్ను పెట్టుకున్నారు. అరవై దాటిన ఇటలీ మనిషి. ఎడమ మోకాలు వంగదు, మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగేవారు. పిల్లలు ఆయన్ను "మిస్టర్" అనేవాళ్ళు. పేరు లేకుండా ఉత్త మిస్టర్ ఏమిటని నాకు నవ్వొచ్చేది. వాళ్ళ దేశంలో కోచ్‌ను అలాగే పిలుస్తారట. క్యాంపులో మాకు మాత్రం కోచ్ సాబే.

మా ఇద్దరి మధ్య కొంచెం హిందీ, కొంచెం ఇంగ్లిష్, పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్. అన్నీ కలిపినా ఒక నలభై మాటలు ఉంటాయేమో. ఆ నలభై మాటల్లోనే ఆయన తన బతుకంతా చెప్పారు. దక్షిణాన సముద్రపు ఒడ్డు ఊరు. పదహారేళ్ళకు ఉత్తరాది క్లబ్బువాళ్ళు ఫార్వర్డ్ ఆటగాడిగా, అంటే ముందుండి గోలు కొట్టేవాడిగా తీసుకుపోయారు. ఆయన యాస విని అక్కడివాళ్ళు "వచ్చాడు మట్టి తినేవాడు" అనేవాళ్ళట. రెండో డివిజన్‌లో తొమ్మిదేళ్ళు. పెద్ద లీగులో ఒక్క సీజను, అందులో ఒక్క గోలు. తర్వాత మోకాలు. తర్వాత ఊరూరా చిన్న క్లబ్బుల్లో కోచ్ పని. చివరికి ఈ ఎండ.

ఆ ఒక్క గోలు ఎలా కొట్టారని అడిగితే సిగ్గుపడ్డారు. "నేను కొట్టలేదు. బంతి వచ్చి నా కాలి ముందరి ఎముకకు తగిలింది. లోపలికి పోయింది." అప్పుడే ఒక మాట అన్నారు: "గోలుకు మొహం ఉండదు. అందమైనదీ ఒకటే, వికారమైనదీ ఒకటే."

పిల్లలకు ఆయన బంతి తన్నడం కంటే పరుగెత్తడం ఎక్కువ నేర్పేవారు. అదీ బంతి లేని పరుగు. ఫార్వర్డ్ ఒక పక్కకు పరుగు తీస్తే కాపలావాళ్ళు ఇద్దరు అతని వెంట పడతారు. వాళ్ళు వదిలిన ఖాళీలోకి ఇంకొకడు వచ్చి గోలు కొడతాడు. చప్పట్లు వాడికి. "పది పరుగులు ఇంకొకడి కోసం, ఒకటి నీ కోసం. ఆ ఒక్కదానికీ బంతి రాకపోవచ్చు," అనేవారు. ఫలం ఆశించకుండా పని చెయ్యమని నేను మైకులో అరుస్తుంటే జనం ఆవలించేవాళ్ళు. ఈయన ఎనిమిదేళ్ళ పిల్లలతో ఎండలో చేయించేవారు!

ఇక నా పాపం సంగతి.

ఎడారిలో గడ్డి పెంచడమంటే ఉప్పుతో యుద్ధం. నేలలో ఉప్పు, నీళ్ళలో ఉప్పు. రోజూ తడిపి తడిపి దాన్ని లోపలికి దించుతుంటే గడ్డి బతుకుతుంది. అలాంటిది, ఒక గోలు వెనక అరచేతులంత బట్టతల మచ్చలు లేచాయి. మందు వేశాను, గడ్డి ముక్కలు తెచ్చి అతికించాను. మళ్ళీ మాడాయి. ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి బూటు కొనతో ఆ మచ్చను గీకాడు. "వచ్చే నెల కంపెనీ పెద్దవాళ్ళు మ్యాచ్ చూడ్డానికి వస్తున్నారు. అప్పటికి పచ్చగా లేకపోతే వీసా క్యాన్సిల్, ఖలాస్," అన్నాడు. ఇంట్లో నా మీద ఐదుగురు.

రెండు రోజుల తర్వాత, పిల్లల మామూలు మ్యాచ్ ఒకదానికి ముందు చూశాను. కోచ్ సాబ్ ఒక్కరే గోలు వెనక్కి నడిచారు. జేబులోంచి పిడికిలి తీసి ఏదో చల్లారు. వేళ్ళు పెదవులకు తాకించుకుని వచ్చేశారు. వెళ్ళి నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పు.

నేరుగా అడిగి ఉండొచ్చు. ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. నేను అడగలేదు, శుక్రవారం దాకా కడుపులో పెట్టుకున్నాను. ఆ వారం నా ప్రసంగం మూఢనమ్మకాల మీద. మైకు చేతికి వచ్చాక నాకు ఆనకట్ట ఉండదు.

"అయ్యలారా! కష్టపడి గెలవడం చేతకాక ఉప్పు చల్లి గెలుస్తాడట! దేవుణ్ణి వదిలి దినుసులను మొక్కేవాడు మన పిల్లల నోటికాడి ముద్దను మాడుస్తున్నాడు! మంత్రగాడు వీడు! కోచ్ సాబ్ కాదు, ఉప్పు సాబ్!"

హాలు గొల్లుమంది. నిజామాబాద్ వాడొకడు "గురూజీ, కారం సాబ్ గూడ ఉన్నడా?" అని అరిచాడు. ఇంకా నవ్వారు. ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది. దాచుకోను, చెబుతున్నాను.

తెల్లారి నుంచి పేరు నిలిచిపోయింది. బస్సు దిగేవాళ్ళు కంచె అవతల నుంచి "ఓ ఉప్పు సాబ్!" అని కేక వేసేవాళ్ళు. అదేదో పలకరింపు అనుకుని ఆయన చెయ్యెత్తి ఊపేవారు. ప్రతిసారీ ఊపేవారు. ఒక సాయంత్రం నన్ను అడిగారు కూడా, "మీవాళ్ళు నన్ను ఉప్పు సాబ్ అంటున్నారు. మంచి మాటేనా?"

"మంచి మాటే సాబ్," అన్నాను.

సంచిలో గ్రంథం ఉంది. భుజానికి బరువుగానే తగిలింది. అయినా అన్నాను.

పెద్దవాళ్ళు వచ్చే మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు ముదీర్ మమ్మల్ని గోలు దగ్గర నిలబెట్టాడు. "ఇది ఎవరి పని?" నేను నోరు తెరిచేలోపు కోచ్ సాబ్ ముందుకొచ్చారు. "నాది. ఉప్పు నేనే చల్లాను. ఇతనికి ఏమీ తెలియదు, పాపం రోజూ బాగు చేస్తూనే ఉన్నాడు." ముదీర్ ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. నేను గడ్డి వంక చూశాను. నాకు తెలుసని, తెలిసీ ఆఫీసులో చెప్పలేదని ఒక్క మాట బయటపడితే నా పనీ పోయేది. ఆ మాట నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. సీజను అయ్యాక ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వయసు కూడా అయిందన్నారు.

బూట్లు, విజిల్, ఒక టోపీ సంచిలో పెట్టుకుంటుంటే సాయం చెయ్యడానికి వెళ్ళాను. తల ఎత్తకుండానే అన్నారు: "ఉప్పు అంటే నమక్. మంత్రగాడు అని కూడా అన్నావట. టీ పోసే అతను ఎప్పుడో చెప్పాడు."

"ఎప్పుడు?"

"ముదీర్ పిలవడానికి రెండు వారాల ముందు."

తెలిసీ ఎందుకు నా కోసం నిలబడ్డారని అడిగాను. ఆయన నవ్వారు. "కాపలావాళ్ళను నా వెంట లాక్కుపోవడం నా పని. నువ్వు ఖాళీలో ఉన్నావు. అంతే."

తర్వాత ఉప్పు సంగతి చెప్పారు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు పీపాల్లో చేపలకు ఉప్పు పట్టించే పని చేసేవాళ్ళట. వాళ్ళమ్మ చేతులు ఏడాది పొడవునా పగిలి ఉండేవట. పదహారేళ్ళ కొడుకు రైలెక్కుతుంటే ఇవ్వడానికి ఇంకేమీ లేక, నడుముకు కట్టుకున్న గుడ్డ తడుముకుని పిడికెడు ఉప్పు జేబులో పోసిందట. మొదటి మ్యాచ్ రోజు ఆ జేబు గోలు వెనక దులిపారు. అప్పటి నుంచి ఏ దేశంలో ఆడినా అంతే. "గెలుపు కోసం కాదు. ఆమె వచ్చి చూస్తున్నట్టు ఉంటుంది," అన్నారు.

దాన్ని నేను మంత్రగాడి పని అన్నాను. తల్లి చేతి ఉప్పును!

కాళ్ళకు దండం పెట్టబోతే భుజం పట్టి ఆపారు. "నాకు కాదు. ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు. స్టేడియంలో తప్పు చేసి వంటింట్లో క్షమాపణ అడిగితే ఎవరికి వినబడుతుంది?"

వచ్చే శుక్రవారం చెబుతానన్నాను.

ఆయన ఇంటర్నేషనల్ సిటీకి మారారు. అక్కడ బిల్డింగులకు దేశాల పేర్లు కదా, "ఇటలీలో గది దొరకలేదు, చైనాలో దొరికింది. బతుకంతా ఇంతే, గోలుకు ఒక అడుగు పక్కన," అనేవారు. అల్ నహ్దాలో వారానికి రెండు సాయంత్రాలు ఎవరి పిల్లలకో ఆట నేర్పేవారు. నేను రెండు మూడు నెలలకోసారి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఒక కుర్చీ, ఒక మంచం. నాకు కుర్చీ ఇచ్చి తాను మంచం మీద కూర్చునేవారు. చిన్న గిన్నెలో కషాయంలాంటి కాఫీ కాచి ఇచ్చేవారు. చెంచాలు, చక్కెర డబ్బా పేర్చి ఏ పరుగు ఎటు తీయాలో చూపించేవారు. ఒకసారి అన్నారు: "తొంభై నిమిషాల్లో ఫార్వర్డ్ దగ్గర బంతి ఉండేది రెండు నిమిషాలు. మిగతాదంతా ఒంటరిగా నిలబడటమే. అది చేతనైనవాడికి ముసలితనం కష్టం కాదు." కష్టం కాదని అన్నారు గానీ, నేను లేస్తుంటే ప్రతిసారీ ఇంకో కప్పు కాచేవారు.

తలుపు దగ్గర ఒకటే ప్రశ్న: "చెప్పావా?"

"వచ్చే శుక్రవారం, సాబ్."

ఎందుకు చెప్పలేదు? గురూజీ ఒక మాట తప్పు చెప్పాడంటే మిగతా మాటల సంగతేమిటని అడుగుతారని భయం. ఈ వారం పండగ, ఈ వారం హాలు నిండలేదు, ఈ వారం గొంతు బాగాలేదు. అహంకారం గురించి నేను మూడు గంటలు మాట్లాడగలను. నాది ఎక్కడ ఉందో చూపించడానికి మూడు నిమిషాలు దొరకలేదు. అటు క్యాంపులో ఆ రోజు నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే క్యాన్సిల్ అయి ఇంటికి పోతున్నారు. నిజామాబాద్ వాడూ పోయాడు. హాలు ఖాళీ అవుతోంది, కొత్తవాళ్ళతో నిండుతోంది. నేను చూస్తూనే ఉన్నాను.

కిందటేడు చలికాలంలో వెళ్ళినప్పుడు తలుపు దాకా వచ్చారు. కాఫీ బాగుందా అని అడిగారు, బస్సు జాగ్రత్త అన్నారు. ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోతే హాయిగా ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. బస్సులో కూర్చున్నాక గ్రంథం తెరిచాను. ఎక్కడ తెరిచినా ఏ ఒక్క శ్లోకమూ నా పక్షాన నిలబడలేదు.

తర్వాతి గురువారం జెబెల్ అలీలోనే మట్టి ఇచ్చారు. అక్క కొడుకు ఒకాయన రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. పాదిరి, వాచ్‌మన్ తమ్ముడు, నేను. నలుగురం. ఆ దేశపు ప్రార్థన నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు శుక్రవారం. అదే క్యాంపు, అదే హాలు. మైకు పట్టుకోకుండా చెప్పాను. ఉప్పు, కంచె, మంచి మాటే సాబ్ అన్న అబద్ధం, ముదీర్ ముందు నా మౌనం, అన్నీ చెప్పాను. "ఆయన మంత్రగాడు కాడు. ఆ మాట అన్న నేను తప్పు," అన్నాను. ముందు వరుసలో కొత్త కుర్రవాళ్ళు వినయంగా విన్నారు. ఆనాడు ఆ మాట విన్నవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. చివర ఒకడు చెయ్యెత్తి, "గురూజీ, మంచిగుంది గని, ఆ సాబ్ ఎవరు?" అన్నాడు. ఇంకొకడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. బస్సు టైమైందని అందరూ లేచారు.

హాలు ఖాళీ అయ్యాక గుమ్మంలో మెస్సు వంటాయన కనిపించాడు. నేపాల్ మనిషి, క్యాంపులో నాకంటే పాతవాడు. ఒక్క తెలుగు మాట రాదు. ప్రతి శుక్రవారం ఆ గుమ్మానికి ఆనుకుని నా గొంతు వింటాడు, అంతే.

"గురూజీ, ఆజ్ గుస్సా నహీ కియా?" అన్నాడు. ఇవాళ కోపం చెయ్యలేదేమని.

"నహీ భాయ్."

"బహుత్ సాల్ పహ్‌లే ఏక్ దిన్ సబ్ జోర్ సే హసే థే. ఉస్ గోరే కోచ్ కీ బాత్ థీ నా?"

చాలా ఏళ్ళ కిందట ఒక రోజు అందరూ గట్టిగా నవ్వారని, అది ఆ తెల్ల కోచ్ గురించేనని ఆయనకు తెలుసు. మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది.

"హా, ఉసీకీ," అన్నాను.

"ఆజ్ కోయీ నహీ హసా," అన్నాడు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

ఇంకేమీ అనకుండా వచ్చి, పరిచి ఉన్న పొడుగాటి జంబుఖానా అవతలి కొస పట్టుకున్నాడు. ఇవతలి కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం దుమ్ము దులిపి, మడత పెట్టడానికి చెరో అంచు చేతుల్లో పట్టుకుని, ఆ ఖాళీ హాల్లో ఒకరికేసి ఒకరం నడవడం మొదలుపెట్టాం.