పిట్ట ముందు పెద్దమ్మ ఇచ్చిన మాట

నాలుగు రోజుల కిందట మా పెద్దమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి అలాగే ఒరిగిపోయిందట. ఆ కబురు వినగానే, ఆదిభట్లలో నేను నడిపే కంపెనీ బస్సు దిగుతున్నవాళ్ల ముందే స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఆ స్టీరింగ్ నా చేతికి వచ్చింది ఆమె వల్లే.

పదేళ్ల కిందట ఆమె భర్తను, మా పెద్దబాపును, యాచారం రోడ్డు మీద కారు ఆపి నరికి చంపారు. ఇబ్రహీంపట్నంలో పేరున్న నాయకుడాయన. ఆయన వెంట తిరిగే మేం పదిహేను మందిమి చేసిందెవరో మాకు తెలుసనుకున్నాం. మూడో రోజు పిట్టకు పెట్టగానే, అంటే ఆయన పేరిట కాకికి ముద్ద పెట్టగానే, వాడి ఇంటి మీద పడాలని దుడ్డుకట్టెలతోనే వచ్చాం.

ఆయనకిష్టమైన బోటి కూర, జొన్నరొట్టె ఆకులో పెట్టి చుట్టూ నిలబడ్డాం. కాకులు గోడ దిగలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు, తీరుస్తామని ఎవరో ఒకరు మాటివ్వాలి. నేను ముందుకెళ్లి, ఆ ఇంట్లో ఒక్కణ్ని కూడా మిగల్చబోమని మాటిచ్చాను. కాకి కదల్లేదు.

అప్పుడు పెద్దమ్మ ఆడవాళ్లలోంచి లేచి వచ్చింది. మమ్మల్ని దండం పెట్టమని, ఆకు వైపు తిరిగింది.

"ఈ పోరగాండ్లు ఎవ్వల జోలికి పోరు. వీండ్లను నేను జూసుకుంట. నువ్వు తిను."

కాసేపటికి కాకి దిగింది. పిట్ట ముట్టిన మాటను దాటే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

చూసుకుంటానన్నందుకు మమ్మల్ని బాగానే సతాయించింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎక్కడున్నావు, తిన్నావా అని ఆరా. నన్ను వెంటబడి డ్రైవింగ్ నేర్పించింది. మలుపు దగ్గర బస్సు ఆపి చాయ్ ఇచ్చేది. లోపలివాళ్లు గొణుక్కుంటే వాళ్లనూ తాగమనేది.

తర్వాత కోర్టులో తేలింది, చంపింది మేం అనుకున్నవాడు కాదు. పెద్దమ్మ దగ్గర కూర్చుని, ఆ రోజు నీ మాటకే కాకి ఎట్ల వచ్చిందని అడిగాను. నవ్వింది.

"కట్టెలు పట్టుకొని నిలవడితే కాకి ఎట్లొస్తది బిడ్డా? దండం పెట్టమంటె కింద పడేస్తిరి. వచ్చింది."

నిన్న ఆమెకు పిట్టకు పెట్టాం. ఆకు పక్కన చాయ్ గ్లాసు. పదిహేను మందిమీ వచ్చాం. అప్పుడు మేం చంపబోయిన మనిషి నా పక్కనే నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే అందరం నాలుగడుగులు వెనక్కి జరిగి చేతులు జోడించాం. ఏదో మాటివ్వాలని నేను నోరు తెరిచేలోపే కాకి దిగి, గ్లాసు అంచు మీద ముక్కు ఆనించింది.