ఫోన్ చూసి దింపిన తెలుగు

చేతిరాత బాగోదని ఫోన్లో కొడుతున్నాను. ఇక్కడా తప్పులు పడుతున్నాయి, మన్నించండి. నాది ఊరిబడి చదువు.

మేముండేది బెంగాల్‌లో, రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో. మా మనవరాలు ఎనిమిదో తరగతి. రేపు బడిలో ఇంటి భాషలో ఒక పేజీ రాసుకొచ్చి చదవాలట. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. సాయంత్రం ఫోన్‌కి బెంగాలీలో చెప్పింది. ఫోన్ తెలుగు చేసి చూపించింది. ఆ అక్షరాలను ముగ్గేసినట్టు కాగితం మీద దింపింది. ముత్యాల్లా ఉన్నాయి.

"ఏటి రాసినావమ్మా? సదువు," అన్నాను.

"నాకేటి తెలుసు తాతా? ఫోన్ రాసింది, నేను దింపినాను. నువ్వు సదివి వాయిస్ పంపు, బట్టీ పట్టెత్తాను."

"అచ్చరాలు నేర్పుతాను, కూకో."

"రేపటికి వచ్చెత్తాయా?"

రావు. కళ్లజోడు పెట్టుకుని చదివాను. నా గురించే రాసింది. అందులో నన్ను పితామహుడంది ఫోన్. రేవులో నేను మూటలు మోసిన సంగతీ ఉంది. మనవరాలు తనంతట తాను చదివితే వినాలనిపించింది. ఏం చేస్తాం, చదివి పంపాను.

ఇప్పుడు పక్క గదిలో వింటూ అప్పజెప్పుకుంటోంది. నేను దగ్గిన చోటల్లా తనూ ఆగుతోంది.

మీ ఇళ్లలో పిల్లలకు అక్షరాలు ఎలా నేర్పారో కాస్త త్వరగా రాయండి. నాకు ఓపిక తగ్గుతోంది.