మానకూడని కోత

ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో సఖినేటిపల్లి రేవులో గవరయ్య క్షౌరం చేసేవాడు. కత్తి పదును గోటి మీద చూసుకుని గాని పనికి దిగేవాడు కాడు. మనుషుల సెగ్గడ్డలూ, పశువుల పుళ్లూ కోసేది కూడా అతనే. కోసిన ప్రతిచోటా వేపనూనెలో నూరిన పసుపు కూరి గుడ్డ కట్టేవాడు. "నా కోత మానకపోవడమంటూ లేదండి" అనేవాడు, తిథి చెప్పినంత మామూలుగా.

ఒకరోజు చేపలు పట్టే పల్లెకారుల నూకాలు కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకొచ్చింది. గోదాట్లో పోయిన మొగుడు పెంచిన కుక్కకు మిగిలిన ఒక్క పిల్ల. పుట్టుకతోనే మూత్రం వచ్చేచోట సూదిమొనంత కన్నమే ఉండి, చర్మం తిత్తిలా ఉబ్బింది. "తడిపిన గెడ్డం ఆరిపోతోందయ్యా, ముందు కుక్కకా?" అన్నాడు క్షౌరానికి కూర్చున్నాయన. గవరయ్య చర్మం చీల్చాడు. మూత్రం మోచేతిదాకా చిమ్మింది. అలవాటుగా పసుపు కూరి కట్టాడు.

పక్షం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది. పిల్ల పొట్ట రాయిలా బిగిసింది. "పుండు శుభ్రంగా మానిందండి. మరెందుకిలాగుంది బాబాయ్?" గవరయ్య వేలితో తడిమాడు. కోసిన అంచులు అతుక్కుపోయి కన్నమే లేదు. తెరిచి ఉంచాల్సినదాన్ని తానే మాన్పేశాడు. మళ్లీ కోస్తే నెత్తురే వచ్చింది. పిల్ల అతని మోకాళ్ల మీదే చల్లబడింది.

"దీని ఆయుష్షింతేనేమోనండి" అంది నూకాలు.

"ఆయ్" అన్నాడు గవరయ్య.

అతనికని తెచ్చిన ఎండుచేపలు పక్కన పెట్టిందామె. వద్దంటే ఎందుకో చెప్పాలి గనక, తీసుకున్నాడు.