అయిపోవచ్చింది నాన్నా

రియాద్‌లో మా వార్డు ఇన్‌ఛార్జి నర్సు తెనాలి మనిషి. మాకందరికీ అక్క. కట్టు కట్టేటప్పుడు ఏ దేశపు పేషెంటుకైనా తెలుగులోనే చెప్పేది: "అయిపోవచ్చింది నాన్నా." ఆ మాట అనేలోగా నిజంగానే అయిపోయేది.

ఒకసారి మా ఆసుపత్రి చూడ్డానికి అమెరికా మంత్రి వస్తున్నాడని మా లీవులన్నీ ఆపేశారు. ఆ వారమే అక్క వాళ్ళమ్మ పోయింది. ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అడిగితే, "మంత్రి వెళ్ళాక చూద్దాం" అన్నారు. అక్క లేకుండానే తెనాలిలో అమ్మని సమాధి చేసేశారు.

మంత్రి మా వార్డు గుమ్మం దాకా వచ్చాడు. కట్టు మారుస్తుంటే ఎవరినీ లోపలికి రానివ్వకూడదు, అది రూలు. అక్క తెర లాగేసి ఒక ముసలాయన చేతికి కట్టు మొదలుపెట్టింది. మంత్రి మనిషి షెడ్యూలు కాగితం ఊపుతూ ఒకటే తొందర.

"అయిపోవచ్చింది నాన్నా," అంది అక్క, చుట్టిన కట్టు మళ్ళీ విప్పుతూ.

చివరికి మంత్రి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. నా కడుపు చల్లబడింది.

తర్వాత ఆయన సంతకంతో అక్కకి ఉత్తరం వచ్చింది. మీ వార్డు లోపల మీరు చూపిన ఆదరణ మరువలేనని! షెడ్యూలు వేసిన రోజే అదీ టైపు చేసిపెట్టుకుని ఉంటారు. అక్క దాన్ని లాకరు తలుపుకి అతికించుకుంది.

"చింపెయ్యక, ఇదేంటక్కా?" అన్నాను.

"బయట నిలబెట్టినందుకు దండం పెడుతున్నాడే! రోజూ పెట్టనీ."