తాలూకా దాటని గొర్రెలు

2003 వేసవిలో నన్ను బెళుగుప్పకు సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. మా టెలిఫోను సంస్థలో అది చిన్నపాటి జమీందారీ. నా ఏలుబడిలో ఒక ఎక్స్ఛేంజీ, కొత్తగా లేచిన టవరు ఉండేవి. వానలు మాత్రం లేవు.

అప్పట్లో డిజిటల్ సెల్‌ఫోన్లకు రెండు ప్రమాణాలు. జీఎస్ఎంలో నంబరు సిమ్ కార్డులో ఉంటుంది. మాది సీడీఎంఏ, నంబరును ఫోనులోనే ఎక్కించి ఇచ్చేవాళ్లం. రెండూ ఊళ్లు తిరగగలవు. కానీ మా ఫోనుకు లైసెన్సు ఇంటి ఫోను లెక్కన ఇచ్చారు కనుక, తాలూకా దాటితే పలకకూడదని నిబంధన. మండలాలు వచ్చి ఏళ్లయినా మా సంస్థ లెక్కల్లో ఇంకా పాత తాలూకాలే. ఈ హద్దు ఉండాలా పోవాలా అన్న తగాదా మీద రెండు వర్గాల కంపెనీలూ ఢిల్లీ కోర్టుల చుట్టూ తిరిగేవి. వాళ్ల తిరుగుడుకు మాత్రం ఏ హద్దూ లేదు.

ఓబులేసు గొర్రెల కాపరి. ఎండాకాలం బెళుగుప్పలో గడ్డిపోచ దొరకదు. కాపరులు మందలను కాలువ పారే కణేకల్‌కు తోలుకుపోయి, కోసిన వరి మళ్లలో మేపుతారు. ఎరువు కోసం రైతులు పొలంలో మంద కట్టించుకుని గింజలిస్తారు. ఆ ఏడు ఓబులేసు భార్యకు నెలలు నిండాయి. మొదటి కాన్పుకు సమయానికి బండి దొరక్క బిడ్డ దక్కలేదు. జీపు మాట్లాడి ఆస్పత్రికి చేర్చే మగదిక్కు అతనొక్కడే. నొప్పులు మొదలైతే అత్త ఎస్టీడీ బూత్ నుంచి కబురు చెప్పేందుకని పొట్టేళ్లమ్మి మా ఫోను కొన్నాడు.

“సార్, కణేకల్లో పలుకుతాది గదా?” అని అడిగాడు.

పలకదన్నాను. అక్కడున్నదీ మా టవరే, కానీ తాలూకా వేరు.

“ఏమప్పా, గొర్రెలకు తాలూకా తెలుస్తాదా?”

ఆ ఒక్క నంబరుకు వేసవి ముగిసేదాకా మినహాయింపు ఇమ్మని అనంతపురంలోని పైఅధికారికి రాశాను. ఆయన ఫోన్ చేసి, నిబంధన ఆసాంతం చదివి వినిపించి, చందాదారుణ్ని తాలూకా లోపలే గొర్రెలు మేపుకోమని చెప్పమన్నారు. కరువుకు ఇంత సులువైన మందు ఉందని అంతవరకూ మాకెవరికీ తోచలేదు. ఒళ్లు మండింది. అయినా సలహాను చందాదారుడికి అందజేశాను.

అతను పాటించాడు. మంద అప్పగించడానికి అన్నదమ్ములు లేరు. తక్కిన కాపరులు కణేకల్ దారి పడితే, సిగ్నలు అందే గుట్ట మీదే మందను నిలిపాడు. మేతకు మిగిలిన తుమ్మకాయలు కూడా అయిపోయాక గొర్రెలు ఒక్కొక్కటే పడిపోయాయి. మిగిలినవాటిని కటికవాళ్లు అడిగిన ధరకే ఇచ్చేశాడు. చివరికి ఫోను మోగింది. భార్యను జీపులో ఆస్పత్రికి చేర్చాడు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. మా సేవలు ఫలించాయన్నమాట.

మరుసటి ఏడాది ఢిల్లీలో రాజీ కుదిరి ఆ హద్దు ఎత్తేశారు. ఉత్తర్వు అందాక ఎక్స్ఛేంజీ కంప్యూటర్లో ఒక లైను మార్చాను. కొత్త యంత్రం రాలేదు, టవరెక్కినవాడూ లేడు. బిల్లు కట్టడానికి వచ్చిన ఓబులేసు పక్కన నిలబడి చూశాడు. అప్పటికి కూలికి పోతున్నాడు.

“ఇంతేనా సార్? పోయినేడు చేసింటే పలికిండేదా?”

పలికేదన్నాను.

“మళ్ల ఎందుకు చేయలేదు?”

నిబంధన అన్నాను. అతను ఫోను జేబులో పెట్టుకుని, “ఇప్పుడు యాడికైనా పోవచ్చు. తోలుకోని పోనీకి గొర్రెలే లేవు,” అన్నాడు.

సిగ్నలు ఎంత దూరం పోతుందో లెక్కగట్టడం నాకు శిక్షణలో నేర్పారు. అది ఎక్కడ ఆగాలో వేరేవాళ్లు నిర్ణయిస్తారనీ, దాని ఖరీదు ఆ నిర్ణయం జరిగిన గదిలో లేనివాడు కడతాడనీ బెళుగుప్పలో నేర్చుకున్నాను.