గేట్లు లేని సముద్రం

ఒక ఊరికి ఊరు పెళ్ళి బట్టల్లో కొండెక్కింది, నా వల్ల. అదీ మన దేశంలో గాదు, ఫిలిప్పీన్స్‌లో, సముద్రం ఒడ్డున. నవ్వుకోండి, పర్వాలేదు. మా ప్రొద్దుటూర్లో అందరూ ఎప్పుడో నవ్వేసినారు.

నేను కువైట్‌లో కరెంటు పని చేసేటప్పుడు రొడెల్ అని ఆ దేశపోడు నా రూమ్మేటు. ఇద్దరం వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్ళం. నేను వాడికి నేర్పిన తెలుగు 'అప్పా' ఒక్కటే, దాన్ని వాడు అన్నింట్లో ఉప్పు మాదిరి వేసేవాడు. చెల్లెలి పెళ్ళని నన్నూ వాళ్ళ ఊరికి లాక్కుపోయినాడు.

ఊరు చిన్నది. వెనక కొండ, ముందర సముద్రం, నడమ ఒకటే రోడ్డు, రోడ్డు చివర చర్చి. ఒడ్డుకు కాస్త దూరంగా నీళ్ళలో ఒక బండ, దాని మీద రాతి బురుజు. పూర్వం దోపిడీగాళ్ళు పడవల్లో వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్ళంట. అందుకే బురుజులో కాపలా పెట్టి గంట కట్టినారు. గంట మోగితే పిల్లాజెల్లాతో ఊరంతా కొండెక్కాల్సిందే.

"ఆ గంట ఇప్పుడుందా?" అనడిగినా.

"ఉంది. ఎవరూ కొట్టరు."

"ఎందుకు?"

"మా అవ్వ ఇంకా బతికే ఉందప్పా," అన్నాడు రొడెల్. నాకప్పుడు అర్థం కాలా.

పెళ్ళి రోజు వచ్చింది. వాళ్ళ పెళ్ళి చొక్కా పల్చగా, శానా అందంగా ఉంటుంది గానీ జేబు ఉండదు. నా చొక్కా ప్రొద్దుటూరు టైలరు కుట్టింది, జేబుకు గుండీ కూడా ఉంది. రొడెల్ వాళ్ళమ్మ పెళ్ళి ఉంగరాల పెట్టె నా జేబులో పెట్టి, తనే గుండీ వేసి, పైన తట్టి, "నీ మీదే భారం నాయనా," అన్నట్టు చూసింది. ఇంతమందిలో నన్ను నమ్మిందే అని నాకు ఒళ్ళు తెలీలా.

టైముంది గదా అని ఒడ్డుకు పోయినా. చూస్తే నీళ్ళు లేవు! నిన్న పడవలు తేలినచోట ఉత్త ఇసుక. మా మైలవరం డ్యాములో ఇట్లా నీళ్ళు దిగితే మళ్ళా వానలు పడేదాకా గొర్రెలు మేపుకుంటాం. పైగా మా అమ్మది జమ్మలమడుగు, గండికోట బురుజులన్నీ నిక్కరేసుకున్నప్పుడే ఎక్కి దిగినోణ్ణి. ఈ బుడ్డ బురుజు నాకొక లెక్కా? నడిచి బండెక్కినా. అంతలో ఫోన్ మోగింది.

"యాడుండావప్పా?"

"మీ బురుజు కాడ. నీళ్ళన్నీ వదిలేసినారే, గేట్లు ఎవరు ఎత్తినారు?"

"సముద్రానికి గేట్లేంది? తొందరగా రా, నీళ్ళొస్తాయి!"

"వచ్చినప్పుడు చూద్దాంలే," అని పెట్టేసినా. అవునండీ, నిజంగా అట్లే అన్నా.

బురుజులో నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగి చూద్దును గదా, నేనొచ్చిన దారి లేదు! నీళ్ళలో దిగితే నడుము దాకా వచ్చినాయి, ఇంకో అడుగేస్తే ఛాతీ దాకా. నాకు ఈత రాదు. ప్యాంటు జేబులో ఫోన్ గుటుక్కుమంది. ఉంగరాల పెట్టెను నెత్తిన పెట్టుకుని, "యా అల్లా!" అంటా మళ్ళా బండెక్కినా.

అక్కడి నుంచి చర్చి మెట్లు కనపడతాండాయి. పెళ్ళికూతురు వచ్చేసింది. రొడెల్ వాళ్ళమ్మ రోడ్డుకేసి చూస్తాంది, నా కోసమే. ఫాదరుకు పక్క ఊళ్ళో ఇంకో పెళ్ళుంది, ఆలస్యమైతే పోతానని పొద్దున్నే చెప్పినాడు. చెప్పినట్టే ఆయన మెట్లు దిగి జీపు తలుపు తీసినాడు. నేను గొంతు చించుకుని అరిచినా, అలల హోరులో నా కేక నాకే వినపడలా. నా తెలివితక్కువతనానికి ఒక ఆడపిల్ల పెళ్ళి ఆగిపోతాందే! ఏడుపొచ్చింది. తలెత్తితే, గంట.

కొట్టినా. రెండు చేతులా, ఊపిరాడకుండా కొట్టినా.

జనం నా దిక్కు తిరుగుతారనుకున్నా. తిరిగింది కొండ దిక్కు! అందరికంటే ముందర రొడెల్ వాళ్ళ అవ్వ. రోజూ ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని ముసలామె చేతికర్రను సంకలో ఇరికించుకుని పరుగో పరుగు. ఆమె వెనక గౌనెత్తి పట్టుకుని పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, బ్యాండువాళ్ళు. జీపు తలుపు తీసింది తీసినట్టే వదిలేసి ఫాదరు కూడా!

రొడెల్ ఒక్కడే పడవేసుకుని వచ్చినాడు. "ఏందప్పా ఇది?" అన్నాడు. నన్ను పడవలోకి లాగి, ఒడ్డు చేరినాక నేరుగా కొండ మీదికే తీసుకుపోయినాడు.

దొంగలు దొరికిపోయినారని చెప్పినా అవ్వ కిందికి దిగనంది. ఆమె దిగకుంటే ఎవరూ దిగరు. దాంతో పెళ్ళి కొండ మీదే జరిగింది. ఫాదరు ఆయాసపడతానే మంత్రం చెప్పినాడు. ఉంగరాలు మాత్రం పొడిగా ఉండాయి, మా టైలరు పుణ్యమా అని కాదు, నా నెత్తి పుణ్యమా అని.

అంతా అయినాక అవ్వ దొంగల్ని చూపించమనింది. రొడెల్ నన్ను ముందుకు తోసినాడు. ఛాతీ దాకా తడి ఇసుక, చెప్పులు లేవు, పళ్ళు టకటకా కొట్టుకుంటాండాయి. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఏదో ఒక్క మాటనింది. ఊరంతా విరగబడి నవ్వింది.

"ఏమన్నిందిరా?"

"ఇంతేనా అంటాందప్పా."

ఆ పొద్దే ఆ కొండ మీద ఒట్టు పెట్టుకున్నా: నీళ్ళు పోయిన నేల మీద ఈ జన్మలో కాలు పెట్టనని. పెట్టుకునేటప్పుడు ఎప్పుడూ ఎండి ఉండే మా పెన్న గుర్తుకు రాలా. ఈ పొద్దుకూ ఊరోళ్ళంతా ఏట్లో ఇసుకలో అడ్డంబడి పోతాంటే, నేనొక్కణ్ణే ఎర్రటెండలో బ్రిడ్జి మీద చుట్టు తిరిగి పోతాండా.