పావుగంటలో నిండిన ట్యాంకు

నీళ్లు పరీక్షించడమే నా ఉద్యోగం. ఒక ఫ్యాక్టరీలో బాయిలర్‌కు వెళ్లే నీళ్లలో ఉప్పెంత ఉందో, సున్నమెంత ఉందో రోజంతా చూస్తుంటాను. అలాంటివాణ్ణి, మా ఇంట్లో ఆర్వో ఫిల్టర్లు మార్చడానికి మెకానిక్కుని పిలుస్తానా? పిలిస్తే నా పరువేం కావాలి? మా ఆవిడ ఫోన్ తీసిందో లేదో, "పెట్టెయ్. బోడి ఫిల్టరు, నేను మార్చలేనా!" అని కసిరాను.

అప్పటికి వారం క్రితమే మా అత్త మల్కాపురంలోని మా ఫ్లాటుకి వచ్చింది. మా ఆవిడకు తల్లి, నాకు సొంత మేనత్త. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. ఆవిడకి కిడ్నీలో రాయి పడింది. మంచినీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. వాళ్ల ఊళ్లో బోరు నీళ్లేమో ఉప్పన. "మా ఇంటికి పంపించండి, నీళ్ల సంగతి నేను చూసుకుంటాను" అని గొప్పగా పిలిపించింది నేనే.

ఆదివారం వంటింట్లో పేపరు పరిచి మిషన్ విప్పాను. బురద పట్టిన పాత ఫిల్టర్లు తీసి కొత్తవి వేశాను. నీళ్లలో ఉప్పుని వడకట్టే మెంబ్రేన్ కూడా మార్చాను. మెంబ్రేన్ గొట్టం చివర రెండు పైపులుంటాయి. ఒకటి మంచినీళ్లది, ట్యాంకులోకి పోతుంది. రెండోది పనికిరాని నీళ్లది, బయట బకెట్లోకి పోతుంది. రెండూ తెల్లవే, ఒకే లావు. విప్పేముందు ఒకదానికి గుర్తు పెట్టుకోవాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. చేతికందినట్టు బిగించేశాను.

ఇదివరకు ట్యాంకు నిండటానికి గంట పట్టేది. ఇప్పుడు పావుగంటలో నిండిపోయింది. బకెట్లోకి చుక్కలు తప్ప ఏమీ రావడం లేదు. నేను పొంగిపోయాను. "చూశావా, పని తెలిసినవాడు చేస్తే ఇలా ఉంటుంది. నీళ్ల వృథా కూడా తగ్గింది" అని మా ఆవిడ దగ్గర మీసం మెలేశాను.

మర్నాడు అత్త గ్లాసు కింద పెట్టి, "నీల్లు కాసింత ఉప్పగున్నాయేటి నాయనా?" అంది. నేనూ తాగి చూశాను. ఏదో తేడా తగిలింది. కొత్త ఫిల్టర్లు కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. పైకి మాత్రం బాగానే ఉన్నాయన్నాను. పప్పు ఉడకడం లేదని మా ఆవిడ రెండుసార్లు అంది. పప్పే మంచిది కాదన్నాను.

తర్వాతి ఆదివారం మధురవాడ నుంచి మా బావమరిది భోజనానికి వచ్చాడు. అందరి మధ్యా అత్త మళ్లీ అదే మాట ఎత్తింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "పుట్టిన దగ్గర్నుంచి ఉప్పునీళ్లు తాగిన నోరు నీది. మంచినీళ్ల రుచి నీకేం తెలుస్తుందత్తా? నీళ్ల గురించి నాకా చెప్తావు?" అన్నాను.

బావమరిది పగలబడి నవ్వాడు. "అమ్మా, బావ నీల్ల డాక్టరు! బావకే సెప్తన్నావా?" అన్నాడు.

అత్త కూడా నవ్వింది. కొంగుతో మూతి తుడుచుకుని, "నిజమే నాయనా, నా నోరే బాగోనేదేటో" అంది.

ఆ తర్వాత ఆవిడ నీళ్ల ఊసెత్తలేదు. నీళ్లు తాగడమే తగ్గించేసిందని నేను గమనించనూ లేదు. పది రోజులకి నొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. "నీళ్లు సరిగ్గా తాగడం లేదా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

అత్త నావైపు చూడలేదు. "మా అల్లుడు మంచినీల్లే ఇత్తన్నాడు బాబూ. నాకే గొంతు దిగడం నేదు" అంది.

నాకు అప్పుడు అనుమానం వచ్చింది. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి ఉప్పు కొలిచే మీటరు జేబులో వేసుకొచ్చాను. మా ఆవిడ ఆస్పత్రిలోనే ఉంది. ముందు కుళాయి నీళ్లలో ముంచాను, తర్వాత ఫిల్టర్ నీళ్లలో. రెండింట్లోనూ ఒకటే అంకె. పైపులు తారుమారు చేసేశాను! పనికిరాని నీళ్ల పైపులో చిన్న అడ్డు ఉంటుంది. అది నీళ్లను పట్టి ఉంచితేనే మెంబ్రేన్ వడకడుతుంది. నా పుణ్యమా అని మా ఫ్లాట్ల బోరు నీళ్లు ఏ అడ్డూ లేకుండా నేరుగా ట్యాంకులోకి పోయాయి. పావుగంటలో నిండక ఏం చేస్తుంది? నేను మీసం మెలేసింది దానికే. ఛీ, నా చదువూ నా ఉద్యోగమూ!

గబగబా పైపులు మార్చాను. ట్యాంకు కడిగాను. మళ్లీ నిండటానికి గంట పట్టింది. ఆ గంటా స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాను.

అత్త ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నేనే గ్లాసు అందించాను. మొత్తం తాగేసి, ఇంకోటి అడిగింది. "ఇప్పుడు తియ్యగున్నాయి నాయనా. మందులకి నా నోరు బాగైనట్టుంది" అంది.

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. పక్కనే మా ఆవిడ నిలబడి ఉంది. "అవునత్తా, మందులు పనిచేశాయి" అన్నాను.

ఆవిడ ఖాళీ గ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఆవేల నలుగుర్లో నీ నీల్లకి వంక ఎట్టినాను. ఏటీ అనుకోకు నాయనా" అంది.

"అనుకోనులే అత్తా" అని ఆవిణ్ణి క్షమించాను.